దిగి చూసే మనిషి

జనవరి 12
లారీ షెడ్డు, టైర్ల గది

మూగనోము పట్టిన మా వదినకి,

నీ గొంతులో కాయలు కాశాయనీ, రికార్డింగు ఉన్న రోజు తప్ప నోరు విప్పకూడదనీ, ఫోను అసలే వద్దనీ డాక్టరు చెప్పిందట కదా. అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. దిగులు కన్నా సంబరమే ఎక్కువ వినిపించింది నాకు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇంట్లో తన మాట తనకి వినబడుతోందట! నేనూ స్టీరింగు పట్టుకుని ఫోనెత్తే మనిషిని కాదు కాబట్టి, ఇక మనిద్దరికీ ఉత్తరాలే గతి. నా రాత కోడి కెలికినట్టుంటుంది, ముందే చెబుతున్నా.

అసలు సంగతి విను. నేను యాడ్‌లో పడ్డాను! మా ఓనరు కొత్త ట్రైలర్లు కొంటున్నాడు. అవి తయారుచేసే కంపెనీ వాళ్ళు మా షెడ్డుకే వచ్చి షూటింగు పెట్టారు. డ్రైవర్లందరినీ వరసగా నిలబెట్టి, డైరెక్టరు నా వైపు చూసి, "ఈవిడ నిజంగానే డ్రైవరా?" అన్నాడు. "కాదండీ, లారీయే నన్ను నడుపుతోంది" అన్నాను. నవ్వి, నన్నే ఖాయం చేశాడు.

గులాబీరంగు గ్లోవ్సు ఇచ్చారు వదినా! గ్రీజు అంటితే ఎలాగయ్యా అంటే, "అంటకుండా నడపండి మేడమ్" అన్నాడు మేకప్ అతను. లారీని వెనక్కి నడిపి షెడ్డు గుమ్మంలో పెట్టమన్నారు. సగం దూరం వచ్చాక ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసుకుని, మళ్ళీ ఎక్కాను. బాబాయి నేర్పింది అదే కదా. నాకు లారీ నేర్పిన ఆ పెద్ద డ్రైవరు నీకు తెలుసు, చుట్టరికం లేకపోయినా బాబాయే. "అద్దంలో కనబడేది నీ లారీ. దాని వెనక ఎవరున్నారో తెలియాలంటే దిగాలి" అని చెవిలో జోరీగలా పోరి అలవాటు చేశాడు. డైరెక్టరుకి ఆ దిగడం తెగ నచ్చేసింది. మళ్ళీ దిగండి, మళ్ళీ తొంగి చూడండి, ఇంకొంచెం వంగి చూడండి అంటూ పొద్దుటి నుంచీ అదే తీశాడు. లారీ తెలియకపోయినా పనితనం తెలిసినవాడే అనుకున్నాను.

వచ్చే ట్రైలర్లలో ఒకటి నాదేనట, దూరాల రూటుతో సహా. ఓనరు అందరి ముందూ అన్నాడు. ఇన్నాళ్ళూ నాకు దొరికింది పాత లారీ, దగ్గరి సరుకు. ట్రైలరు కోసం నేనెంత కొట్టుకుంటున్నానో నీకు తెలుసు. కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

నువ్వు యాడ్‌లకి గొంతిచ్చే మనిషివి కదా, యాడ్ ఎలా ఉంటుందో ఊహించి రాయి.

నీ మరదలు


జనవరి 25
వంటింటి బల్ల, కుక్కరు దించాక

యాడ్‌లో పడ్డ మా మరదలికి,

మీ అన్నయ్య సంబరం మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. నేను పలక మీద తిట్లు రాసి చూపిస్తే, కళ్ళజోడెక్కడ అని వెతుక్కుంటాడు. అది దొరికేలోపు నా కోపం చల్లారిపోతుంది. దెబ్బలాటలో రుచే లేకుండా పోయింది ఇంట్లో. ఆయనకీ చప్పగానే ఉన్నట్టుంది, నిన్న "ఏదైనా అనవే" అన్నాడు.

నీ యాడ్ ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను. లారీ అనగానే నూతిలోంచి వచ్చినట్టుండే మగగొంతు ఒకటి పెడతారు. బలం అంటుంది, పట్టు అంటుంది. మా స్టూడియోలో ఆ గొంతిచ్చే పెద్దమనిషికి సైకిలు తొక్కడం కూడా రాదు. మా ఆడవాళ్ళకి సబ్బులు, పసిపిల్లల పౌడర్లు, మహా అయితే స్కూటర్లు. స్కూటరంటే ఇంజను గురించి చెబుతామనుకున్నావా? రంగు పేరు చెప్పి కిలకిలా నవ్వాలి, అంతే. ఆ నవ్వు సరిగ్గా కుదరలేదని మళ్ళీ మళ్ళీ నవ్విస్తారు.

మొన్నొక పని ఇంకా వింత. ఏ యాడో చెప్పలేదు, బొమ్మ చూపించలేదు. మైకు ముందు నిలబెట్టి "అయ్యో" అనమన్నారు. పాలు పొంగిపోయినట్టు ఒకటి, ఏదో గుద్దేసినట్టు ఒకటి, మీద బల్లి పడ్డట్టు ఒకటి. బల్లి కేకంటే నాకు వేరే నటనెందుకు, మన ఇల్లంతా ఎరిగినదే కదా! అద్దాలు అదిరిపోయేలా వేశాను. ఇంటికొచ్చాక గొంతు మంటెత్తిపోయింది. మా పని అంతే అమ్మాయ్. ముక్కలు ముక్కలుగా ఇచ్చి వస్తాం, వాళ్ళు ఎక్కడ అతికించుకుంటారో మాకు తెలీదు.

ఆ గులాబీ గ్లోవ్సు మాత్రం నాకు నచ్చలేదు. అయినా నువ్వు లారీ దిగి దర్జాగా వెనక్కి నడుస్తుంటే టీవీలో చూడాలని ఉంది. వచ్చిన రోజు వీధిలో అందర్నీ పిలిచి చూపిస్తాను.

మీ పలక వదిన


ఫిబ్రవరి 18
గొడౌను బయట, లారీలోనే కూర్చుని

వదిన గారికి,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను. యాడ్ చూశాను.

టీకొట్టులో చూశాను, తోటి డ్రైవర్లతో కలిసి. ఆ షెడ్డు మాదే, లారీ నాదే. తెర మీద నేను దిగుతున్నాను, తొంగి చూస్తున్నాను, ఎక్కుతున్నాను, మళ్ళీ దిగుతున్నాను, కోడిపిల్లలా గబగబా. వెనక ఢమాల్‌మని చప్పుడు. వెంటనే కేక. షూటింగులో నేను నోరే విప్పలేదు, ఆ కేక తెచ్చి నా మొహానికి అతికించారు. అందరూ పగలబడి నవ్వుతున్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ గొంతు ఎవరిదో ఆ కొట్టులో నా ఒక్కదానికే తెలుసు. తర్వాత మీసాలాయన ఒకడు ట్రైలరెక్కి, ఒంటిచేత్తో, తల తిప్పకుండా, ముందున్న చిన్న తెరలో వెనక కెమెరా బొమ్మ చూసుకుంటూ వెనక్కి పెట్టేస్తాడు. "ఇక దిగే పని లేదు. ఇది మగాడి బండి" అంటుంది మీరు చెప్పిన నూతిగొంతు.

ఏ యాడో తెలీదని రాశారు మీరు. నా షూటింగు సంగతి నేను పన్నెండో తారీకునే రాశాను. ఆ ఉత్తరం చదివాక కూడా తెలియలేదా?

ఇవాళ గొడౌనుకి సరుకు తెస్తే, గేటు దగ్గర గుమాస్తా "వెనక్కి పెట్టడానికి మగవాళ్ళనెవరినైనా పిలవమంటారా?" అన్నాడు. తాళంచెవి ఇవ్వలేదు నేను. నేనే పెట్టాను, దిగి చూసుకునే పెట్టాను. దిగగానే పక్క లారీల్లోంచి "అయ్యో" అని అరిచారు, అచ్చం మీలాగే. సరుకు పంపేవాళ్ళు నవ్వుతున్నారట. అందుకని ఓనరు ట్రైలరు సంగతి చూద్దాంలే అంటున్నాడు. అందాకా ఊళ్ళో తిరిగే చిన్న వ్యాను నడపమంటున్నాడు. నడపనన్నాను.

మీ గొంతు జాగ్రత్తగా దాచుకోండి. మంచి గిరాకీ ఉన్నట్టుంది.

ఇట్లు,
మీ ఆడపడుచు


ఫిబ్రవరి 26
అదే వంటింటి బల్ల

ఏమే,

గారట, మీరట! నువ్వు పరికిణీలు కట్టే రోజుల నుంచి నీ జడ వేసిన చెయ్యి ఇది. ఒక్క ఉత్తరంలో ఎంత దూరం నెట్టేశావే!

నీ ఉత్తరం అందాకే ఆ కేకలు వేశాను, నిజమే. కానీ లారీ యాడ్‌కి ఆడదాన్ని పిలుస్తారని కల గంటానా? నా ఉద్యోగంలో ఒక్కనాడైనా పిలిచారా? ఏ పాలపొడిదో, చీమల మందుదో అనుకున్నాను. లారీలకి మగగొంతే పెడతారని నీకు లెక్చరు దంచి, నేనే ఆ మాటలో పడి మోసపోయాను. టీవీలో చూడగానే నా కేక నేనే పోల్చుకున్నాను. పలక నేలకేసి కొట్టాను. ముక్కలైపోయింది.

కోపం నీ ఒక్కదాని సొత్తు అనుకోకు. రేపే ఆ డైరెక్టరు దగ్గరకి వెళ్తున్నాను. ఈ గొంతు పోతే పోయింది, నోరు విప్పే మాట్లాడతాను. నీ ట్రైలరు నీకు ఇప్పించే పూచీ నాది.

నువ్వు గారు అన్న నీ వదిన


మార్చి 9
వంటిల్లే

అమ్మాయ్,

జవాబు రాయలేదు నువ్వు. మొండిఘటానివి, తెలుసు. అయినా నేను రాస్తాను.

డైరెక్టరుని కలిశాను. వాడు రాక్షసుడేం కాదు. నీకు ట్రైలరు దక్కడం లేదంటే నిజంగానే నొచ్చుకున్నాడు. కాఫీ తెప్పించాడు, డాక్టరు కాఫీ వద్దందని పక్కన పెట్టాను. కొత్త ట్రైలర్లు అప్పజెప్పే సభ ఒకటి మీ షెడ్డులోనే పెడుతున్నారట. మొదటి బండి నీ చేత నడిపించి, అక్కడే నీకు ఇచ్చేయమని ఓనరుకి చెబుతానన్నాడు.

ఒక చిన్న తమాషా ఉంటుంది. నువ్వు బండి తెచ్చి షెడ్డు ముందు ఆపి, కిందికి దిగి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని "అమ్మో, నా వల్ల కాదు" అనాలి. తాళంచెవి ఆ మీసాలాయనకి ఇవ్వాలి. వెనక్కి అతను పెడతాడు. అందరూ నవ్వుతారు, చప్పట్లు కొడతారు. మర్నాటి నుంచి ట్రైలరు నీది.

నీకు ఒళ్ళు మండుతోందని ఇక్కడి నుంచే తెలుస్తోంది. కానీ కాస్త విను. ఇన్నేళ్ళుగా నేను కిలకిలా నవ్వుతున్నది నవ్వొచ్చి కాదు. వాళ్ళు నవ్వమన్నారు, నవ్వాను, ఇంటికొచ్చి నా పని నేను చేసుకున్నాను. అరిగిపోయిందేమీ లేదు, గొంతు తప్ప. ఒక్క నిమిషం కళ్ళు మూసుకో. ఆ తర్వాత జన్మంతా తెరుచుకుని నడుపుకో.

నీ మంచి కోరే వదిన


మార్చి 16
లారీ షెడ్డు

వదినా,

నీ ఉత్తరమూ ఓనరు పిలుపూ ఒకే రోజు వచ్చాయి. "మీ వదినే వెళ్ళి మాట్లాడిందమ్మా. ఆవిడకున్న లోకజ్ఞానం నీకేది?" అన్నాడు. పళ్ళు నూరుకుంటూ వచ్చాను. నిన్ను కడిగేద్దామనే కాగితం తీశాను.

ఇంతలో గొడౌనులో ఘోరం జరిగింది. మూటలు దించడానికి వెనక నిలబడ్డ హమాలీ కాలు, లారీకీ సిమెంటు గట్టుకీ మధ్య పడిపోయింది. మోకాలి కింద తీసేయాలంటున్నారు. రోజూ నా లారీ రాగానే "అక్కొచ్చింది, లేవండ్రా" అని అందర్నీ లేపేవాడు. వాడి కాలు నలిపిన లారీ నడిపిందెవరనుకున్నావు? మా బాబాయి దగ్గర నాతోపాటు నేర్చుకున్నవాడే. దిగి చూడకుండా ఎప్పుడూ వెనక్కి రాడు. "ఎందుకు దిగలేదురా?" అని చొక్కా పట్టుకుని అడిగాను. వెక్కి వెక్కి ఏడ్చాడు. "దిగితే అయ్యో అంటున్నారక్కా. ఆడదానిలా దిగుతావేంట్రా అంటున్నారు. కెమెరా పెట్టించుకో అంటున్నారు" అన్నాడు.

ఇన్నాళ్ళూ నన్ను వెక్కిరించారనుకున్నాను వదినా. నా పరువు గొడవే అనుకున్నాను. ఇప్పుడు చూడు, ఆ వెక్కిరింత ఎవరి కాలు మీదికి ఎక్కిందో! నేను సభలో కళ్ళు మూసుకుని నిలబడితే, దాన్ని చూసి దిగడం మానేసేవాళ్ళు ఇంకెంతమంది ఉంటారు?

ట్రైలరు నాకు కావాలి. ఎంత కావాలో నీకు తప్ప ఎవరికీ తెలీదు. అయినా కళ్ళు మూసుకోను. బండి పక్కన కళ్ళు మూసుకునే డ్రైవరు ఆడైనా మగైనా ఇంటికి పోవలసిందే.

సభకి నువ్వు రాకు. నీ మొహం చూస్తే మెత్తబడతానేమోనని భయం. నీ మంచితనమే నా కొంప ముంచుతోంది.

కోపంగానే,
నీ మరదలు


మార్చి 20
వంటిల్లు, మీ అన్నయ్య కొన్న కొత్త పలక పక్కన

నా తల్లీ,

కళ్ళు మూసుకోమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఉత్తరం మీ అన్నయ్య పైకి చదివాడు.

మర్నాడే స్టూడియో నుంచి పిలిచారు. ఆ సభలో తెర మీద వేయడానికి మరో కేక కావాలట. "బొమ్మ చూపిస్తేనే నోరు విప్పుతాను" అన్నాను. ఇన్నేళ్ళలో ఎవరూ అలా అడిగిన పాపాన పోలేదు, నేనూ అడగలేదు. చూపించారు. నీలాంటి ఖాకీ చొక్కా వేసుకున్న అమ్మాయెవరో కళ్ళు మూసుకుని గంతులేస్తోంది. చెవుల మీది హెడ్‌ఫోన్సు తీసి బల్ల మీద పెట్టి లేచాను. "మీరు ఇవ్వకపోతే ఏమైంది మేడమ్, పాత కేక మా దగ్గర ఉంది, అదే వేసుకుంటాం" అన్నాడు రికార్డింగు అతను. నా గొంతు నాది కాదట, వాళ్ళ డబ్బాలో ఉంది కాబట్టి వాళ్ళదట. ఇక నన్ను పిలవరట కూడా. పిలవకపోతే మానె, వాళ్ళ స్కూటర్ల రంగులు వాళ్ళే చెప్పుకుని నవ్వుకోమను.

నా కేక అక్కడ మోగుతుంది, ఆపలేను. దాన్ని పట్టించుకోకు. సభకి నేను రాను. నువ్వు కళ్ళు తెరుచుకునే ఉండు.

వదిన


ఏప్రిల్ 2
ఇంట్లో, కిటికీ దగ్గర

స్టూడియోని కాలదన్నిన మా వదినకి,

అయిపోయింది సభ. వరసగా చెబుతాను.

షెడ్డంతా కడిగి, షామియానా వేసి, ముందు సోఫాలు, వెనక కుర్చీలు వేశారు. హమాలీలని కుర్చీల వెనక నిలబెట్టారు. నేను నా పాత తోలు గ్లోవ్సుతోనే ట్రైలరు తెచ్చి ఆపాను. ఎంత ఎత్తు వదినా ఆ సీటు! కిందివాళ్ళ నడినెత్తులు కనబడతాయి. మీసాలాయన వచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. "బాబూ, నీకు లారీ వచ్చా?" అని మెల్లిగా అడిగాను. "రాదండీ, అటు పక్క నుంచి ఇంకొకాయన ఎక్కి నడుపుతాడు" అన్నాడు పాపం. "అయితే పక్కకి నిలబడు నాన్నా, కాలు పోతుంది" అన్నాను. బుద్ధిమంతుడు, వెంటనే జరిగాడు.

సగం దూరం వెనక్కి వచ్చి ఆపాను. దిగాను. నేల మీద నా కాలు పడ్డదో లేదో, పెద్ద పెద్ద స్పీకర్లలో నీ బల్లి కేక! సోఫాల్లో నవ్వులే నవ్వులు. నేను ట్రైలరు పొడుగునా నడిచాను, తొందర పడలేదు. కిందికి వంగి చూశాను. వెనక చక్రాల దారిలో నల్లతీగలు పడున్నాయి, నేలకి అతుక్కుపోయి. కెమెరా తెరలో అవి కనబడలేదు. "ఈ తీగలెవరివి?" అని అడిగాను. సోఫాలవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పీకి పక్కన పడేశాను. నీ కేక సగంలో ఆగిపోయింది. అవి స్పీకర్ల తీగలట!

డైరెక్టరు పరిగెత్తుకొచ్చాడు. "కెమెరా ఉండగా దిగడం దేనికమ్మా?" అన్నాడు. "మీ కెమెరాకి కాలు లేదు సార్, పోయినా దానికి నొప్పి తెలీదు" అన్నాను. నెమ్మదిగా ఎక్కి, గుమ్మంలో తిన్నగా పెట్టాను. మళ్ళీ ఒకసారి దిగాను కూడా. అప్పుడు అవసరమై దిగలేదు, నిజం చెప్పొద్దూ, వాళ్ళని చూసి దిగాను.

చప్పట్లు వెనక నుంచి వచ్చాయి. ముందువాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఓనరు నా చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాడు. "నా పరువు తీశావు. నీకు ట్రైలరూ లేదు, వ్యానూ లేదు, రేపట్నించి రావద్దు" అన్నాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను, నీ దగ్గర దాపరికం ఏముంది. ఆ సీటులో కూర్చున్నది ఆ కాసేపే. బాబాయి వచ్చి, నా పాత గ్లోవ్సు దులిపి మేకుకి తగిలించి వెళ్ళాడు. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ దిగుతాను. రాసి పెట్టుకో.

పని లేని నీ మరదలు


ఏప్రిల్ 23
దూరాల రూటులో, పెట్రోలు బంకు పక్కన

వదినా, వదినా, వదినా!

పైన ఏం రాశానో చూశావా? దూరాల రూటు!

ఎలాగో విను. సభ అయ్యాక కొత్త ట్రైలర్లు గొడౌనుకి వెళ్ళాయి. డ్రైవర్లు కెమెరా చూసుకుంటూ వెనక్కి రాబోయారు. హమాలీలు లేచి పక్కకి పోయి కూర్చున్నారు, ఒక్కరూ వెనక నిలబడలేదు. "దిగి చూడని బండి వెనకకి మేం రాం" అన్నాడు వాళ్ళ మేస్త్రి. గుమాస్తా అరిచి గీపెట్టాడు, వినలేదు. ఒకరిద్దరు డ్రైవర్లు దిగబోయారట గానీ, "అయ్యో" అంటారేమోనని అటూ ఇటూ చూసుకుని మళ్ళీ ఎక్కేశారట. సిగ్గుకి చచ్చిపోతారు గానీ దిగరు! మేస్త్రికి నా పేరు తెలీదు. "ఆ దిగి చూసే మనిషిని పిలిపించండి, ఆవిడ బండి వెనక నిలబడతాం" అన్నాడట. ట్రైలర్లు రోడ్డు దాకా నిలిచిపోయాయి. లోపల ఉల్లిపాయలు వాసనేస్తున్నాయి.

ఓనరు మా ఇంటికే వచ్చాడు. నిలబడే ఉన్నాడు, కూర్చోమనలేదు నేను. రెండు మాటలు చెప్పాను. షెడ్డు గేటు మీద కంపెనీ వాళ్ళు తగిలించిన ఆ యాడ్ బోర్డు తీసేయాలి. వెనక్కి పెట్టే ప్రతి డ్రైవరూ దిగి చూడాలని ఆయనే తన నోటితో అందరికీ చెప్పాలి. కంపెనీ వాళ్ళు ఏమనుకుంటారో అన్నాడు. "అయితే కంపెనీ వాళ్ళనే వచ్చి మూటలు దించమనండి" అన్నాను. ఒప్పుకున్నాడు. బోర్డు దించుతుంటే నిచ్చెన పట్టుకున్నది ఎవరనుకున్నావు, ఆ రోజు చొక్కా పట్టుకుంటే ఏడ్చినవాడే. టీవీలో మాత్రం యాడ్ ఇంకా వస్తూనే ఉంది. నిన్న టీకొట్టులో వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదని చెప్పను, నవ్వారు కొందరు. నేను టీ తాగి లేచాను.

నీకు పని పోయిన మాట తల్చుకుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది. డాక్టరు నోరు విప్పనిచ్చిన రోజు ముందు అన్నయ్యతో బాగా దెబ్బలాడు, పాపం చాలా రోజులుగా ఎదురు చూస్తున్నాడు.

తాళంచెవి ఇచ్చేటప్పుడు జరిగింది చెప్పలేదు కదూ. చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "ఆడపిల్లవి, జాగ్రత్తగా నడుపమ్మా" అన్నాడు ఓనరు. "ఈ మాట మగ డ్రైవర్లకి ఎప్పుడైనా చెప్పారా సార్?" అని అడిగాను. "వాళ్ళకి చెప్పేదేముంది?" అన్నాడు.

"చెప్పుంటే ఆ హమాలీ ఇవాళ రెండు కాళ్ళ మీద నిలబడేవాడు" అని, ట్రైలరెక్కాను.

నీ మరదలు